కరవునాట పశువులకు ప్రభుత్వ సహాయము: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పంచాయతీ సభ్యులకు కరవు అనగా ఏమో మేము చెప్పబూనుట తగదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ ఇది. ఆ కొద్ది వానయు అదను చూచి కురియదు. వేరుశనగ ఎండిన యేడు రైతునకు కాయయే కాదు, ఎద్దునకు కట్టె కూడ దక్కదు. చెరువు నిండనిచో వరి లేదు, వరి లేనిచో గడ్డి లేదు. బీడు మాడినపుడు కాపరి దోటి చేతబట్టి తుమ్మకాయలు రాల్చుచు మందను చెట్టునుండి చెట్టునకు త్రిప్పుకొనును. ఇవన్నియు మీరు కన్నులార చూచినవే. కావున ఇందు కరవును వర్ణింపబోము. పశువుల నిమిత్తము ప్రభుత్వము ఇచ్చు ధనము ఏ దారిని వచ్చునో, ఎవరి సంతకముతో కదలునో, ఎచ్చట నిలిచిపోవునో మాత్రము తెలుపుదుము.

ఇది వ్రాయుటకు ఒక కారణము కలదు. 2023 చివర మేము ఒక కరపత్రమును సిద్ధపరచితిమి. విపత్తువలన చనిపోయిన గొర్రెకు 4,000 రూపాయలు అని దానియందు పెద్ద అక్షరములతో వేసితిమి. ఒక కుటుంబమునకు 30 గొర్రెలకు మించి పరిగణింపబడవు అను మాటను అడుగున చిన్న అక్షరములతో వేసితిమి. పెనుకొండకు సమీపమున ఒక గ్రామములో రచ్చబండ వద్ద దానిని చదివి వినిపించిన పిమ్మట ఒక వృద్ధ కాపరి లేచెను.

"అరవై గొర్రెలు సచ్చినాయి సామీ. ముప్పైకే లెక్క ఇస్తామంటే, తక్కిన ముప్పై గొర్రెలు కాదా?"

"అది నిబంధన పెద్దాయనా" అని మేము అంటిమి.

"ఆ మాట ముందే చెప్పింటే మా పిల్లోణ్ణి బెంగుళూరు నుంచి పిలిపిచ్చుకోకనే ఉంటిని గదా. అరవైకీ లెక్కొస్తాదని, మంద మళ్లా కడదామని పిలిపిస్తి."

ఆ బాలుడు అక్కడ చేయుచున్న పని వదలుకొని వచ్చియుండెను. మేము వ్రాసిన దానిలో అసత్యము లేదు. అయినను ఆ కుటుంబము నష్టపడినది. చిన్న అక్షరములలో ఉండు సంగతులను పెద్ద అక్షరములలో చెప్పుట ఈ వ్యాసము యొక్క పని.

నిధి ఎచ్చటిది?

1876-78 నాటి మహాక్షామమున ఈ సీమ బళ్లారి జిల్లాలో భాగముగ ఉండెను. అనంతపురము జిల్లా 1882 లో వేరుపడినది. ఆ క్షామము పిమ్మట ఏర్పడిన చట్టములలో 1884 నాటి వ్యవసాయదారుల ఋణముల చట్టము ఒకటి. విత్తనములకు, పశువులు కొనుటకు దాని క్రింద డబ్బు ఇచ్చెడివారు. మన పెద్దలు దానినే తక్కావి అనెడివారు. అది అప్పు, వడ్డీతో తిరిగి కట్టవలసినదే. ఎద్దు చచ్చిన రైతు మరియొక ఎద్దును, దానితోపాటు ఒక ఋణమును ఇంటికి తోలుకొని వచ్చెడివాడు.

తిరిగి కట్టనక్కరలేని సహాయమునకు స్థిరమైన నిధి చాల కాలమునకు గాని ఏర్పడలేదు. తొమ్మిదవ ఆర్థిక సంఘము సిఫారసుపై 1990 లో విపత్తు సహాయ నిధి వచ్చినది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము పిమ్మట అది రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధిగ మారినది. మన వంటి రాష్ట్రములలో ఆ నిధికి నూటికి 75 వంతులు కేంద్రము, 25 వంతులు రాష్ట్రము సమకూర్చును. ఏ నష్టమునకు ఎంత ఈయవలెనో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ కొన్ని సంవత్సరములకు ఒక పర్యాయము నిర్ణయించును. కావున మీ తహశీల్దారు గాని, పశువైద్యుడు గాని తమ ఇష్టానుసారము పెంచుటకు తగ్గించుటకు వీలు లేదు. "మా ఊరికి ఇంకొంచెము" అని వారిని అడుగుట వృథా. అడుగవలసినవి వేరే కలవు.

మరణమునకు ఎంత, మేతకు ఎంత?

2022-23 నుండి 2025-26 వరకు వర్తించునట్లు నిర్ణయించిన మొత్తములు ఇవి. పాడి ఆవు, గేదె ఒక్కింటికి 37,500 రూపాయలు. దున్ను ఎద్దునకు 32,000. దూడకు, గాడిదకు 20,000. గొర్రెకు, మేకకు, పందికి 4,000. కోడికి 100, కుటుంబమునకు 10,000 మించకుండ. అంతకు పూర్వము ఆవునకు 30,000, ఎద్దునకు 25,000, గొర్రెకు 3,000 ఉండెడివి. ఈ అంకెలు కాలానుగుణముగ మారునవి గనుక గ్రామసభలో చదువుటకు ముందు అమలులోనున్న ఉత్తర్వు ప్రతిని తహశీల్దారు కార్యాలయమునుండి తెప్పించుకొనుడు.

ఇక హద్దులు. ఒక కుటుంబమునకు పెద్ద పాడి పశువులు 3, లేదా చిన్నవి 30. పనిచేయు పెద్ద పశువులు 3, లేదా చిన్నవి 6. ఎన్ని చచ్చినను ఇంతకు మించి లెక్కకు రావు. మూడు ఆవులకు 1,12,500 రూపాయలు. ముప్పది గొర్రెలకు 1,20,000. పై వృద్ధునకు అరువది గొర్రెలు పోయినను ఆ 1,20,000 మాత్రమే. రెండు ఆవులు ఉన్న గృహస్థునకు నష్టము చాలవరకు తీరును గాని, మందయే జీవనమైన కాపరికి సగము కూడ తీరదు. ఈ నిబంధన ఊరిలో ఇల్లు, కొట్టము, కొట్టములో రెండు పశువులు గల రైతును మనసులో నుంచుకొని వ్రాసినట్లు మాకు తోచును. 2019 పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ దేశమున రెండవ స్థానమున నున్నది; సుమారు 1 కోటి 76 లక్షలు. అట్టి రాష్ట్రమునకు ఈ 30 హద్దు చిన్న విషయము కాదు.

నిబంధనలలో మరియొక మాట కలదు: నష్టము "ఆర్థికముగ ఉత్పాదకమైన" పశువులకే వర్తించును. పాలు మరచిన ముసలి ఆవు, పొదుగు విడువని గొర్రెపిల్ల విషయమున వివాదము వచ్చునది ఈ మాట వద్దనే.

ఇంతవరకు చెప్పినది చచ్చిన పశువునకు. బ్రతికియున్న పశువునకు కూడ ఆ పట్టికలోనే సహాయము కలదు. దానిని అడుగువారు తక్కువ. పశువుల శిబిరములలో మేత, దాణా, నీరు, మందుల నిమిత్తము పెద్ద పశువునకు దినమునకు 80 రూపాయలు, చిన్నదానికి 45 రూపాయలు. సాధారణముగ 30 దినములు, పొడిగించినచో 60, తీవ్రమైన కరవున 90 దినముల వరకు. శిబిరమునకు వెలుపల నున్న పశువులకు గడ్డి తరలించు రవాణా ఖర్చు కూడ ఈ నిధినుండి పెట్టవచ్చును.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయుదము. ఆవును 90 దినములు మేపుటకు దినమునకు 80 చొప్పున 7,200 రూపాయలు. అది చచ్చినచో 37,500. మేపుటకగు ఖర్చు చావునకిచ్చు దానిలో అయిదవ వంతు కూడ లేదు. పైగా ఆవు మిగులును, పాలు మిగులును. గొర్రె సంగతి చూడుడు. 45 చొప్పున 90 దినములకు 4,050 రూపాయలు. చచ్చిన గొర్రెకు 4,000. మేపుటకంటె చంపుకొనుటయే చవుక అని ఈ అంకెలు చెప్పుచున్నవా? అట్లు కాదు. బ్రతికిన గొర్రె ఈనును, ఎరువునిచ్చును. 4,000 రూపాయలకు సంతలో మంచి ఈడు గొర్రె దొరకునా అని ఏ కాపరినైనను అడిగి చూడుడు. కాని ఆవుల శిబిరమునకు ప్రభుత్వమును ఒప్పించుట సులభము, గొర్రెల శిబిరమునకు కష్టము. మంద ఒకచోట నిలిచి తినునది కాదు, నడచుచు తినునది. అందువలన గొర్రెల విషయమున శిబిరముకంటె నీటి తొట్లు, రవాణాతో వచ్చు ఎండుగడ్డి, టీకాలు అడుగుట మేలని మా అభిప్రాయము.

కరవు మండలము

ఈ సహాయమునకు మొదటి మెట్టు మండలమును కరవు మండలముగ ప్రకటించుట. ఊరు ప్రమాణము కాదు, మండలము ప్రమాణము. 2016 నాటి కేంద్ర కరవు నిర్వహణ గ్రంథము ప్రకారము మొదట వాన లోటును, వానల మధ్య ఎడమును చూతురు. పిదప విత్తిన విస్తీర్ణము, ఉపగ్రహ చిత్రములలో పచ్చదనము, నేలలో తేమ, జలాశయములలోను భూగర్భములోను నీటి మట్టము చూతురు. నూటికి పది గ్రామములలో పొలములను స్వయముగ పరిశీలించి కరవు తీవ్రమా, మధ్యస్థమా అని తేల్తురు. ఖరీఫునకు అక్టోబరు 30, రబీకి మార్చి 31 లోపల ప్రకటన జరుగవలెను.

2023 ఖరీఫున రాష్ట్రములో 103 మండలములు కరవు మండలములుగ ప్రకటింపబడినవి. వానిలో 21 శ్రీ సత్యసాయి జిల్లావి. జిల్లాలో మండలములు 32. తక్కిన 11 మండలములలో గొర్రె ఎండుగడ్డి తిన్నదని, సరిహద్దు దాటిన గొర్రె ఆకలితో ఉన్నదని చెప్పుటకు లేదు. అయినను ఎక్కడనో ఒకచోట గీత గీయక తప్పదు. మీరు చేయగలిగినదేమనగా, పరిశీలకులు వచ్చిన దినమున వారిని రోడ్డు ప్రక్క బోరు క్రింది పచ్చని చేను వద్దనే నిలుపక మెట్ట చేలకు, బీళ్లకు తోడ్కొని పోవుట. విత్తిన విస్తీర్ణమును గ్రామములో ఉన్నదున్నట్లు నమోదు చేయించుట. లేని పంటను ఉన్నట్లు నమోదు చేయించిన ఊరు ఆ యేడు కరవు లెక్కలో వెనుకబడును.

కాలము విషయమున ఒక హెచ్చరిక. ప్రకటన అక్టోబరు చివర వచ్చును. మన ప్రాంతమున పశువులకు మేత కొరత ముదురునది మాఘము దాటిన పిమ్మట. శిబిరము డిసెంబరులోనే తెరచినచో 90 దినములు ముగియునప్పటికి ఎండలు అప్పుడే మొదలగును. ఎప్పుడు తెరువవలెనో మీ తీర్మానములో తేదీతో సహా వ్రాయుడు.

పశువు చచ్చిన దినమున

సహాయము నిలిచిపోవు చోటు తరచుగ ఇదియే. నష్టమును ప్రభుత్వము నియమించిన అధికారి ధ్రువీకరింపవలెను. కళేబరము లేక ధ్రువీకరణ కష్టము. కళేబరమును దినముల తరబడి ఉంచుట అంతకంటె కష్టము. కావున పశువు చచ్చిన గంటలోనే రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునికి, గ్రామ రెవెన్యూ అధికారికి కబురు చేయవలెను. సంచార పశువైద్య వాహనము 1962 సంఖ్యకు పిలిచిన వచ్చును. ఛాయాచిత్రము తీసినపుడు చెవిలోని పోగు, దానిపై నున్న 12 అంకెలు స్పష్టముగ కనబడవలెను. పంచనామాలో మీ సంతకము ఉండును గనుక చూడక సంతకము చేయకుడు, చూచిన పిమ్మట ఆలస్యము చేయకుడు.

ముక్కునుండి, గుదమునుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుచు పశువు హఠాత్తుగ చచ్చినచో అది దొమ్మరోగము కావచ్చును. అట్టి కళేబరమును కోయరాదు, తోలు ఒలువరాదు, ఈడ్చుకొని పోరాదు. డబ్బు కొరకు శవపరీక్ష చేయింపబోయి మనుష్యులకు రోగము తెచ్చుకొనకుడు. పశువైద్యుడు రక్తపు చుక్కతోనే నిర్ధారణ చేయును.

కరవు చావు, రోగపు చావు అను భేదము వలన ఎందరో నష్టపోయిరి. విపత్తుల జాతీయ జాబితాలో కరవు, వరద, తుఫాను, వడగండ్లు, అగ్నిప్రమాదము మున్నగునవి కలవు. రోగము లేదు. పిడుగు కూడ ఆ జాబితాలో లేదు. అట్టివానిని రాష్ట్రము తన విపత్తులుగ ప్రకటించి నిధిలో పదవ వంతు వరకు వెచ్చింపవచ్చును. కుక్కలు చంపిన గొర్రెలకు ఈ నిధి లేదు. చిరుతపులి చంపినచో అటవీ శాఖకు దరఖాస్తు చేయవలెను. ఇంతవరకు సులభమే. కాని కరవునందు బక్కచిక్కిన మంద తొలకరి వానకు మొలచిన లేతగడ్డిని ఆబగ మేసి చిటుకరోగముతో రాత్రికి రాత్రే కూలును. ఎండిన జొన్న మోళ్ల పిలకలు తిని ఎద్దు విషమెక్కి పడును. దీనినే నాము అందురు. ఇవి కరవు చావులా, కావా? కాగితము మీద రోగము, విషము అని పడును. కరవు లేనిచో ఆ ఎద్దు ఆ పిలకలు తినియుండదని కాపరి ఎరుగును. దీనికి మా వద్ద పరిష్కారము లేదు. నివారణ మాత్రము కలదు: తొలకరికి ముందే చిటుకరోగపు టీకా వేయించుట, నీటి ఎద్దడికి గురియైన జొన్న పిలకలలోనికి పశువును విడువకుండుట.

వరద సంగతి వేరు. కరవు సీమకు వరద రాదని తలపరాదు. 2021 నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తి వద్ద చిత్రావతిలో చిక్కుకొన్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు రక్షించినది. అదే నెల 19 వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటిపైని అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి గ్రామములపై పడగా మనుష్యులతోపాటు పశువులును కొట్టుకొనిపోయినవి. అట్టిచోట కళేబరము ఏది? చెవిపోగు ఏది? ఆ ఇంట నాలుగు ఆవులుండెనని చెప్పగలిగినది పొరుగువారు, పాలకేంద్రపు పుస్తకము, పంచాయతీ మాత్రమే.

మంద ఎవరిది?

మందలోని గొర్రెలన్నియు కాపరివి కావు. కొన్ని బంధువులవి, కొన్ని పిల్లలలో సగము పాలుకు తెచ్చుకొన్నవి. చచ్చిన గొర్రెకు డబ్బు ఎవరి ఖాతాలో పడవలెను? ఆధారు సంఖ్య ఎవరిది? పాలు ఒప్పందములు నోటిమాట మీద జరుగునవి. నష్టము వచ్చిన పిమ్మట యజమాని, కాపరి ఇరువురును వచ్చి నిలుతురు. ఒక్కచోట మాత్రము సర్పంచి ఏటేటా ఉగాదినాడు పాలు లెక్కలను పెద్దల ఎదుట ఒక పుస్తకములో వ్రాయించుచుండగా చూచితిమి. ఆ యూర ఈ తగవు వినరాలేదు.

వలస మరియొక చిక్కు. వేసవిలో మన కాపరులు మేతకు, నీటికి కాలువ ప్రాంతములకు మందలను తోలుకొని పోవుదురు. కోత కోసిన చేలలో మంద కట్టి రైతులకు ఎరువునిత్తురు. అచ్చట గొర్రెలు చచ్చినచో అచ్చటి అధికారి "మీది ఈ మండలము కాదు" అనును. ఇచ్చటి అధికారి "నేను చూడలేదు" అనును. ఇరువురి మాటయు నిజమే. కాపరి ఊరు విడుచునపుడే మంద సంఖ్యను పంచాయతీలో వ్రాయించి, సర్పంచి సంతకము గల కాగితము వెంట తీసికొని పోయినచో, అచ్చటి పశువైద్యుని ధ్రువీకరణకు ఒక ఆధారము ఉండును.

ఇతర దేశములలో

అమెరికాలో పశువుల పెంపకము పెద్ద గడ్డి మైదానములలో జరుగును. అక్కడ కరవు తీవ్రతను చూపు పటమును ప్రతి గురువారము ప్రకటింతురు. ఒక కౌంటీలో తీవ్రమైన కరవు మేతకాలమున వరుసగ కొన్ని వారములు నిలిచినచో, పశువు చచ్చినను చావకున్నను, మేత ఖర్చులో కొంత భాగమును యజమానికి ఇత్తురు. విపత్తువలన మామూలును మించి చచ్చిన పశువులకు బజారు ధరలో నూటికి 75 వంతులు ఇత్తురు. 2014 నాటి చట్టము ఈ రెండు పథకములను శాశ్వతము చేసినది. దరఖాస్తులను పరిశీలించు కౌంటీ సంఘములలో రైతులు ఎన్నుకొన్న రైతులే కూర్చుందురు. మన పంచాయతీ సభ్యులకు ఈ సంగతి ఆసక్తి కలిగింపక మానదు. మరి వారికి విశాలమైన భూములు, తగినంత నిధి కలవు. ఉన్నది ఉన్నట్లు ఇచ్చటికి తెచ్చుట సాధ్యము కాదు.

మనకు దగ్గరి పోలిక కెన్యా. అక్కడి మార్సబిట్ ప్రాంతమున 2010 లో ఒక భీమా పద్ధతి మొదలైనది. ఉపగ్రహము నేలపై పచ్చదనమును కొలుచును; అది ఒక హద్దు క్రిందికి పడినచో భీమా చేసిన కాపరులకు డబ్బు వచ్చును. కళేబరము చూపనక్కరలేదు, మంద ఎచ్చట తిరుగుచున్నదని అడుగరు. తొలుత చావునకు పరిహారముగ మొదలైన ఈ పద్ధతి క్రమముగ చావునకు ముందే మేత కొనుటకు డబ్బిచ్చునట్లు మారినది.

మన దేశమున భీమా పశువు చావు మీదనే ఆధారపడియున్నది. జాతీయ పశుసంపద మిషన్ క్రింద 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము చేసిన మార్పు ప్రకారము ప్రీమియములో రైతు వాటా నూటికి 15 వంతులే. ఒక్కొక్కరు 10 పశు యూనిట్ల వరకు భీమా చేయవచ్చును. పది గొర్రెలు ఒక యూనిట్ గనుక 100 గొర్రెలు. పైన చెప్పిన 30 హద్దునకు బాధపడు కాపరికి ప్రస్తుతము కనబడుచున్న దారి ఇది ఒక్కటే. భీమాలో రోగపు చావు కూడ చేరును గనుక చిటుకరోగపు వివాదమును కొంత తగ్గును. కాని భీమా చేయుటకు ప్రతి గొర్రె చెవికి పోగు ఉండవలెను. తుమ్మముండ్లలో తిరుగు గొర్రె చెవిన పోగు ఎన్నాళ్లు నిలుచునో కాపరులు మాకు నవ్వుచు చెప్పిరి.

గ్రామ పశు పట్టిక

పంచాయతీ స్వయముగ ఖర్చులేకుండ చేయగలిగినది ఒకటి కలదు. ఇరువది గీతల పుస్తకము ఒకటి కొని సంవత్సరమునకు రెండు పర్యాయములు, తొలకరికి ముందు ఒకసారి, సంక్రాంతి పిమ్మట ఒకసారి, ఇంటింటి పశువులను వ్రాయవలెను. ఇంటి పెద్ద పేరుతోపాటు పశువు నిజముగ ఎవరిదో వారి పేరు. ఆవులు చాల ఇండ్లలో స్త్రీల పాలడబ్బుతో కొన్నవి, వారి పేరే ఉండనిండు. ఎద్దులు, ఆవులు, దూడలు వేర్వేరుగ. ఈడు గొర్రెలు, పిల్లలు వేర్వేరుగ, ఏలయనగ ఉత్పాదకమా కాదా అను ప్రశ్న అక్కడనే తేలును. చెవిపోగు సంఖ్య, రాలిపోయినచో ఆ మాట, తేదీ. సగము పాలు అయినచో ఇరువురి సంతకములు లేదా వ్రేలిముద్రలు. మంద వలస పోయినచో పోయిన దినము, పోయిన చోటు, కాపరి ఫోను సంఖ్య. వ్రాసిన దినమున పశుసంవర్ధక సహాయకునిచేత పుట అడుగున సంతకము చేయింపవలెను. నష్టము జరిగిన పిమ్మట చేయించిన సంతకమునకు విలువ ఉండదు.